ఒకే మిద్దె మీద అమ్మా నాయనా

ఆదివారం. రాత్రంతా ముసురు పట్టింది. నేను లేచేసరికి అమ్మ వసారాలో కూర్చుని ఫోన్‌లో శ్రీశైలం నీటిమట్టం చూస్తోంది. "ఎంతుందమ్మా?" అంటే, "882. గేట్లు ఎత్తినారులే" అంది. వానాకాలంలో మా ఇంట్లో పాలకన్నా ముందు వచ్చేది ఈ లెక్కే. కర్నూలు పాతబస్తీలో ఇది వింత కాదు. 885 అంటే పూర్తిమట్టమని మా వీధిలో చదువురాని అవ్వలకు కూడా తెలుసు.

ఉగ్గానికి బొరుగులు నానబెట్టి, బజ్జీలకు మిరపకాయలు చీరుతుంటే డోన్ నుంచి అత్త వచ్చింది. ఆమెది మంచి మనసే, నోరు మాత్రం ఆగదు. తింటూ తింటూ అంది: "వరదొచ్చి ఇల్లు పోతే పాయగానీ వదినా, నీకు మాత్రం మేలే చేసింది. అంతకుముందు నువ్వు గడప దాటింటివా? ఇప్పుడు బ్యాంకులో మేనేజరే లేచి కుర్చీ ఏస్తాడంట." అమ్మ ఏమీ అనలేదు. మూకుట్లో బజ్జీలు తిప్పుతూ ఉండిపోయింది. నాయన ప్లేటు సగంలో వదిలి చేయి కడుక్కుని పెరట్లోకి వెళ్లాడు.

అత్త వెళ్లాక కూడా ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. నేను డిగ్రీలో ఉన్నాను. పైనుంచి తుంగభద్ర సుంకేసుల ఆనకట్ట మీదుగా దూకుతూ వచ్చింది. ఊరి మధ్య హంద్రీ కూడా అప్పుడే పొంగింది. కింద శ్రీశైలం 885 అడుగులు దాటి 896 దాకా ఎక్కింది. పోయే దారి లేక నీళ్లు ఊళ్లోనే నిలబడ్డాయి. మాది ఒక అంతస్తు ఇల్లు. ఎదురింటి ఖాలా (ఉర్దూలో పిన్నమ్మ) వాళ్ల మిద్దె మా కంటే ఎత్తు కాబట్టి బతికాం. వాళ్లూ మేమూ ఇంకో నాలుగు కుటుంబాలూ ఆ మిద్దె మీదే. ఉన్న అటుకులు ఖాలా పిల్లలకు పిడికెడు పిడికెడు పంచింది. రాత్రి చీకట్లో ఎక్కడో గేదె అరుస్తుంటే నాయన చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఆయన్ను అలా చూడటం నాకు అదే మొదటిసారి.

నీళ్లు తీశాక దిగి వస్తే ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. నాయనది కిరాణా అంగడి. బెల్లం మొత్తం కరిగిపోయింది, బియ్యం మూటలు ఉబ్బి పిగిలి కుళ్లు కంపు కొడుతున్నాయి. వాటిలో దేన్నీ నాయన ముట్టుకోలేదు. నేరుగా గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి ఖాతా పుస్తకం బయటికి తీశాడు. వీధి వీధంతా ఆయనకు బాకీ. ఆ లెక్కంతా అందులోనే ఉంది. అతుక్కుపోయిన కాగితాలను దబ్బనంతో ఒక్కొక్కటే విడదీసి, మిద్దె మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి, ఎండలో పక్కనే కూర్చున్నాడు. సాయంత్రానికి కాగితాలు ఆరాయి. అక్షరాలు లేవు. నీలంగా మరకలు మాత్రం ఉన్నాయి. అయినా వాటిని మళ్లీ వరసగా పేర్చి దారంతో కుట్టాడు.

అదే రోజు అదే మిద్దె మీద ఖాలా అమ్మ చేతిలో పెన్ను పెట్టింది. "నువ్వు చదువుకున్నావు గదా, ఎవరింట్లో ఎంతమంది ఉన్నారో రాయి, బియ్యం వస్తాయంట." అమ్మ చదివింది పదో తరగతి. రాసింది. ఆ పేర్లు పట్టుకుని తాసిల్దారు ఆఫీసుకు పోయింది, వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం అడిగితే మళ్లీ పోయింది. ఆ తర్వాత పొదుపు సంఘం లీడరైంది. ఈరోజు వీధిలో ఎవరికి పింఛను ఆగినా మా గుమ్మం ముందుకే వస్తారు.

టీచరుగా చేరాక ఈ విషయాల మీద దొరికినవన్నీ చదువుతున్నాను. ఘోరమైన దెబ్బ తిన్నవాళ్లలో కొందరు ఆ తర్వాత కొత్తగా ఎదుగుతారని అమెరికాలో రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కాల్హౌన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పారు. 1996లో దాన్ని కొలిచేందుకు 21 ప్రశ్నలతో ఒక పట్టిక తయారుచేశారు. సాటిమనిషితో దగ్గరితనం, కొత్త దారులు కనపడటం, నా వల్ల అవుతుందన్న ధైర్యం, దేవుడి గురించీ బతుకు గురించీ ఆలోచన మారడం, ఉన్నదాని విలువ తెలియడం: ఈ ఐదింటినీ ఆ పట్టికలో చూస్తారు. చదువుతుంటే ప్రతి మాటకూ అమ్మే కళ్ల ముందుకు వచ్చింది.

కానీ వాళ్లు ఇంకో మాట కూడా చాలా స్పష్టంగా చెప్పారు. ఎదుగుదల ఇచ్చేది ఆ విపత్తు కాదు. ఆ తర్వాత మనిషి దానితో పడే పెనుగులాటలోంచి అది వస్తుంది, అందరికీ రావాలనీ లేదు. వచ్చినంత మాత్రాన లోపలి భయం పోదు, రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయి. అత్త మాటలో నాకు నొప్పి కలిగించింది ఇదే. మేలు చేసింది వరద కాదు. ఖాలా చేసింది, అమ్మ చేసుకుంది. వరద చేసిందంతా మా నాయనలో ఉంది.

వాన చప్పుడైతే చాలు ఆయన నిద్రలో లేచి కూర్చుంటాడు. తలుపు తీసి వీధిలోకి చూసి, చేత్తో గడప తడిమి వస్తాడు. అంగడి మళ్లీ తెరవలేదు. అది ఉన్న సందులోంచి నడవడు, చుట్టు తిరిగి పోతాడు. పెద్ద వ్యాపారం పెట్టుకుందాం నాన్నా అని తమ్ముడు ఎన్నోసార్లు అన్నాడు, జవాబు లేదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద పడింది. కార్తీక పౌర్ణమి రోజు. ఆ రోజు నాయన టీవీ ముందు నుంచి లేవలేదు, ముద్ద ముట్టలేదు. ఆ ఊళ్లలో మాకు చుట్టాలెవరూ లేరు.

ఇలా ఉలిక్కిపడటం, ఆ చోటు తప్పించుకు తిరగడం, జరిగిందే మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం జబ్బు లక్షణాలేనని 1980లోనే అమెరికా మానసిక వైద్యులు తమ పుస్తకంలోకి ఎక్కించారు. మా చుట్టాలు మాత్రం ఇప్పటికీ "మీ అమ్మ ఆడమనిషై నిలబడింది, మీ నాయనే జారిపోయినాడు" అంటారు. వినలేను. నాయన కూడా ఆ రెండు రాత్రులు ముగ్గురు పిల్లల్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నవాడే. ఆ ముగ్గురిలో ఇద్దరు మా ఇంటి పిల్లలు కూడా కాదు. విపత్తు దాటిన మనిషి మనకు స్ఫూర్తిగా నిలబడి తీరాలని అడగడానికి మనమెవరం? బతికి వచ్చాడు, అంతకంటే ఆయన ఎవరికీ బాకీ లేడు.

ఆ రోజుల్లో సాయం చాలా వచ్చింది. బియ్యం, దుప్పట్లు, గిన్నెలు. ఇచ్చినవాళ్లందరికీ దండం పెడతాను. కానీ "రాత్రి నిద్ర పడుతోందా అన్నా?" అని నాయన్ను అడిగినవాళ్లు నాకు గుర్తులేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో డాక్టర్లు కానివాళ్లు కూడా చేయగల పని మూడు ముక్కల్లో ఉంది: చూడు, విను, కలుపు. బాధితుడి చేత జరిగిందంతా బలవంతంగా చెప్పించవద్దని కూడా ఉంది. అతను చెప్తే వినాలి, లేకుంటే పక్కన కూర్చోవాలి, కావలసిన చోటికి చేర్చాలి. ఖాలా అప్పుడు అమ్మకు చేసింది ఇదే గదా.

మధ్యాహ్నం అమ్మ సంఘం మీటింగుకు పోయాక 14416కు ఫోన్ చేశాను. 2022లో కేంద్రం పెట్టిన టెలీ మానస్ నంబరు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. అవతల అమ్మాయి తొందర లేకుండా విన్నది. ఇన్నేళ్లయినా ఫర్వాలేదు, చికిత్సకు ఆలస్యమైందని అనుకోవద్దు, ఒకసారి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి అంది.

సాయంత్రం టీ ఇస్తూ నాయనకు చెప్పాను. "నాకేం పిచ్చా పాపా?" అన్నాడు. నిద్ర కోసమే నాయనా, మిగతావి నువ్వు చెప్పాలనుకుంటేనే చెప్పు అన్నాను. చాలాసేపు గ్లాసు చేతిలో తిప్పాడు. "మంగళవారమైతే వస్తా" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ వచ్చి కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది: "నాకూ ఒక చీటీ రాయించు. ఆయన లేచి కూర్చున్న రాత్రుల్లో నేనేమన్నా నిద్రపోతున్నా అనుకున్నావా?"

మంగళవారం స్కూలుకు సెలవు పెడుతున్నాను. ఓపీ దగ్గర జనం ఎక్కువ, పొద్దున్నే బయల్దేరాలి. ఇద్దరి ఆధార్ కార్డులు బ్యాగులో పెట్టాను.