తాళం పడ్డ ఇళ్లకు దిక్కెవరు?

బెంగళూరు మారతహళ్లిలో నా ఉద్యోగం అమెరికా ఇళ్ల కాగితాలు చదవడం. మన దగ్గర ఇల్లు కొనేముందు ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, అప్పులు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీసి, లింక్ డాక్యుమెంట్లు చూస్తారు కదా, అక్కడి ఇళ్లకు మేం ఇక్కడ కూర్చుని అదే పని చేస్తాం. ఎవరు ఎవరికి అమ్మారు, అప్పు తీరిందా, పన్ను కట్టారా అని చూడాలి. షిఫ్టు అర్ధరాత్రి దాకా. టీమ్‌లో చాలామంది హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లే.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ కాగితాలు వచ్చినప్పుడల్లా మా ఊరు గుర్తొస్తుంది. 1908లో జనరల్ మోటార్స్ పుట్టిన ఊరది. 1960లో దాదాపు 1,97,000 మంది ఉండేవాళ్లు, 2020 నాటికి 81,000 మందే మిగిలారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జనం వెళ్లిపోయారు, ఇళ్లు మాత్రం ఉండిపోయాయి. పన్ను బాకీ ఇంటి ధరను మించితే యజమాని ఆశ వదిలేస్తాడు. పాత పద్ధతిలో ఆ బాకీలను వ్యాపారులకు అమ్మేవాళ్లు, ఇల్లు ఎవరిదో ఏళ్ల తరబడి తేలేది కాదు. 1999లో చట్టం మార్చాక, పన్ను కట్టని ఇల్లు రెండు మూడేళ్లలో కోర్టు ద్వారా కౌంటీ (మన జిల్లా లాంటిది) ఖజానా చూసే ట్రెజరర్ చేతికి వస్తోంది. అప్పటి ట్రెజరర్ డాన్ కిల్డీ 2002లో, ఫ్లింట్ ఉన్న జెనెసీ కౌంటీలో, ఇలా చేతికొచ్చిన ఇళ్లను, స్థలాలను చూసుకునే ల్యాండ్ బ్యాంకు అనే సంస్థకు పునాది వేశాడు.

ఆ సంస్థ ముందు టైటిల్ చిక్కు, అంటే ఇల్లు ఎవరిదన్న చిక్కు, విప్పుతుంది. బాగున్న ఇంటిని అమ్ముతుంది, కూలేదాన్ని పడగొడుతుంది, మిగిలిన జాగాను పక్కింటివాళ్లకు తక్కువకే ఇస్తుంది. ఒక్క ఫ్లింట్‌కే పరిమితం చేయకుండా కౌంటీ మొత్తానికి పెట్టడమే ఇందులో అసలు తెలివి. శివార్లలో మంచి ఇల్లు అమ్మితే వచ్చిన డబ్బు ఫ్లింట్‌లో కూల్చివేతలకు పనికొస్తుంది. అమ్మిన ఇంటి పన్నులో సగం అయిదేళ్లపాటు ల్యాండ్ బ్యాంకుకే వెళ్లేలా చట్టంలో రాసుకున్నారు.

బెంగళూరులోనూ పిచ్చి మొక్కలు మొలిచి, చెత్త కుప్పలు పడ్డ సైట్లు కనిపిస్తాయి. గోడ మీద 'ఈ స్థలం అమ్మకానికి లేదు' అని పెయింటుతో రాసి ఉంటుంది. వాటికి ల్యాండ్ బ్యాంకు మందు కాదని నా అభిప్రాయం. రేటు పెరుగుతుందని ఆపుకున్న స్థలాలవి, వాటికి గట్టి పన్ను వేయాలి. ఫ్లింట్ జబ్బు ఉన్నది మేం వదిలి వచ్చిన అనంతపురం జిల్లా పల్లెల్లో. మా వీధిలో తాళం వేసిన ఇళ్లే ఎక్కువ, కొన్నింటి కప్పు కూడా కూలింది. మా తాత కట్టిన ఇంటి వారసులు హోసూరు, తిరుప్పూరు, కువైట్‌లలో ఉన్నారు. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లున్న జాగాలో, పాత ఇళ్లకు చాలావాటికి రిజిస్టర్ దస్తావేజే ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలిచి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు, మంచిదే. కానీ యజమాని చనిపోయి, వారసులు చెదిరిపోతే ఆ కార్డు ఎవరి పేరున ఇవ్వాలి? ఇలాంటి చిక్కులు విప్పే బలం ఒక్క పంచాయతీకి ఎక్కడిది? లాయరు, సర్వేయరు, కాస్త నిధి ఉన్న సంస్థ జిల్లాకు ఒకటైనా కావాలి. ఊళ్లోనే ఉండి, ఇల్లు లేక అవస్థపడేవాళ్లకు ఆ జాగాలు దక్కాలి.

అయితే ఆ అధికారానికి హద్దు ఉండాలి. మిన్నెసోటాలో 94 ఏళ్ల జెరాల్డీన్ టైలర్ అనే ఆవిడ 15,000 డాలర్ల బాకీ కోసం ఫ్లాటు పోగొట్టుకుంది. కౌంటీ దాన్ని 40,000కు అమ్మి మొత్తం డబ్బు ఉంచేసుకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. మన దగ్గర అలాంటి చట్టం చేస్తే, బాకీ పోను మిగిలింది వారసుల పేరున బ్యాంకులో ఉండాలని మొదటి పేజీలోనే రాయాలి.

ఈ సంగతి చెబితే కువైట్ నుంచి మా చిన్నాయన, "ఇల్లు మన చేతి నుంచి పోదు కదరా?" అని భయపడ్డాడు. "మన వాటా ఎక్కడికీ పోకుండా చట్టం రాయించుకోవాలి చిన్నాయనా" అన్నాను. అది వచ్చేదాకా మా ప్రయత్నం మేం చేస్తున్నాం. తహశీల్దార్ ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు అప్లై చేశాం. హోసూరు అక్క సంతకం పెట్టి పంపింది, తిరుప్పూరు వాళ్లవి ఇంకా రావాలి.