జాలీబాయ్ దీవిలో నా మీసం పడ్డ పాట్లు

మీసం ఉన్న మగాళ్లు ముందు చదవండి, మిగతావాళ్లు తర్వాత. నిన్ననే శ్రీకాకుళం చేరాం, కోపం ఇంకా దిగలేదు.

మా బామ్మర్ది అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటాడు. దానికి శ్రీ విజయపురం అని కొత్త పేరొచ్చింది గానీ మా ఇంట్లో ఎవరి నోటా తిరగదు. మన వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు అక్కడ చాలామందే. విశాఖ నుంచి ఓడుంది, కానీ రెండు రోజులకు పైగా సముద్రం మీదే. చెన్నై మీదుగా విమానంలో పోయాం, అంతే.

జాలీబాయ్‌లో జనం కాపురం ఉండరు, టీకొట్టు కూడా లేదు. మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉన్న 15 దీవుల్లో అదొకటి. పార్కు 1983 నాటిది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలో వండూరు జెట్టీ, అక్కణ్ణుంచి పడవ. పర్మిట్ ముందే తీసుకోవాలి. సోమవారం సెలవు. వానాకాలం జాలీబాయ్‌ని మూసి రెడ్‌స్కిన్ దీవి తెరుస్తారు. "అన్నీ మేం చూసుకుంటాం సార్" అని మా ఊరి ఏజెంటు డబ్బు గుంజాడే గానీ, పర్మిట్ ఊసే ఎత్తలేదు. బామ్మర్దే గుర్తింపు కార్డుల కాపీలు పట్టుకెళ్లి తెచ్చాడు. ఏజెంట్ల చేతిలో రూపాయి పెట్టకండి.

జెట్టీ దగ్గర సంచులు సోదా చేస్తారు, ప్లాస్టిక్ కవరు కనబడితే అక్కడే ఆపేస్తారు. మా అత్తగారి జంతికలు స్టీలు డబ్బాలోకి మారాయి. ఈ సోదా మన బారువలో, కళింగపట్నంలో పెడితే ఆదివారం సాయంత్రం ఒడ్డున సగం చెత్త ఉండదు.

దీవికి జెట్టీ లేదు. అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి మారి ఒడ్డుకు చేరాలి.

అసలు కథ ఇక్కడ. నేను నాగావళిలో ఈత నేర్చినవాణ్ణి, వరదనీటిలో అవతలి గట్టుకు పోయినవాణ్ణి. నీటి కింద చేపల్ని, పగడాల్ని చూడ్డానికి కళ్లనీ ముక్కునీ కప్పే అద్దం మాస్కు పెట్టుకుని ముఖం ముంచానో లేదో, ముక్కు నిండా ఉప్పునీరు. పట్టీ బిగించాను, మళ్లీ అదే. ఇంకో మాస్కు, అదీ అంతే. ఈతే రాని మా ఆవిడ లైఫ్ జాకెట్టుతో తేలుతూ "ఏమండీ, ఇక్కడ నీలం చేప!" అని కేకలు. నేను మోకాలి లోతు నీళ్లలో దగ్గుతున్నాను.

నీళ్లలో దింపే కుర్రాడు నా మూతి వైపు చూసి ఫక్కున నవ్వాడు. వాళ్ల తాతది సోంపేట దగ్గరట.

"ఏటి బావూ, ఆ మీసాల్తోనా? సందుల్లోంచి నీరు దూరిపోతాది. గీకీసుకుని రావల్సింది."

పడవలో అందరూ తిరిగి చూశారు. మా అత్తగారు కొంగు అడ్డం పెట్టుకున్నారు. "బావా, బ్లేడు తెమ్మంటావా?" అని బామ్మర్ది. మా నాన్న పోయినప్పుడు తప్ప ఈ మీసం తీయలేదు. చేప కోసం తీస్తానా? ఆ మాస్కు తయారుచేసినవాడికి మీసం లేదు, అంతే సంగతి.

చివరికి ఆ కుర్రాడే వాజలైన్ డబ్బా తీసి, పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు నా మీసానికి దట్టంగా పట్టించాడు. మాస్కు అంచు అతుక్కుంది. గాలి గొట్టంలోంచి నోటితోనే పీల్చాలి, అది కాసేపట్లో అలవాటైంది.

కింద చిలుకచేప పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర నీళ్లలోనే చెవికి తగిలింది. అది మింగిన పగడమే పిండై, ఇసకై బయటికొస్తుంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్‌లో పగడాలు తెల్లబారి చాలా చచ్చాయి. బతికున్నవాటి మీదైనా కాలు పెట్టకండి. నా పక్కనే ఒకాయన ఫొటో కోసం ఎక్కి నిలబడితే నేనే కిందికి లాగాను.

మీసం తీయనక్కర్లేదు, వాజలైన్ చాలు. మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా ఉమ్మి రాయమంటారు, సిగ్గుపడకుండా రాయండి. వాజలైన్ జిడ్డు మాత్రం సబ్బుకు లొంగలేదు, శనగపిండితో రుద్దితే వదిలింది.