ప్రోగ్రెస్ కార్డు వెనక పేజీ

ఆదివారం, రాత్రి పదిన్నర.

పిల్లలిద్దరి ప్రోగ్రెస్ కార్డులు శుక్రవారం నుంచీ బల్ల మీదే పడి ఉన్నాయి. రేపు సంతకం చేసి పంపాలి కనుక పొద్దున్నే కలం పట్టుకుని కూర్చున్నాను. ముందు పేజీలో మార్కులు, శాతాలు, గ్రేడ్లు, ప్రతి సబ్జెక్టు పక్కన ఎర్ర సిరాతో టీచరు రాసిన ఒక మాట, అన్నీ పొందికగా నిండి ఉన్నాయి. సంతకం చేసి మూసేయబోతూ ఎందుకో వెనక పేజీ తిప్పాను. అక్కడ 'ఆరోగ్య వివరాలు' అన్న శీర్షిక కింద ఎత్తు, బరువు, దంతాలు, కంటి చూపు అని నాలుగు గడులున్నాయి. చిన్నవాడి కార్డులో నాలుగూ ఖాళీ. పెద్దమ్మాయి కార్డులో ఎత్తు 127 సెంటీమీటర్లని ఉంది. కిందటేటి కార్డు వెతికి చూస్తే అందులోనూ 127 సెంటీమీటర్లే. అంటే ఏడాది పొడుగునా నా కూతురు వెంట్రుకవాసి కూడా ఎదగలేదన్నమాట! కోపం వచ్చింది గానీ ఆ కోపం బడి మీద ఎంతోసేపు నిలవలేదు. మూడేళ్లుగా ఈ కార్డుల మీద సంతకం చేస్తున్నది నేనే, ఆ పేజీ ఒక్కసారి కూడా తిప్పనిదీ నేనే.

వెంటనే పెద్దదాన్ని పిలిచి, చెప్పులు విప్పించి, తలుపు చట్టానికి ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పుస్తకం పెట్టి గీత గీశాను. 132.5 సెంటీమీటర్లు. కిందటి పుట్టినరోజున గీసిన గీతకూ దీనికీ అయిదున్నర సెంటీమీటర్ల ఎడం ఉంది. దానికి తొమ్మిదేళ్లు, వాడికి ఆరున్నర. ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య కాలాన్ని మన మనస్తత్వశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఉత్తర బాల్యదశ అంటాయి. పుట్టిన మొదటి ఏడాదిలో దాదాపు 25 సెంటీమీటర్లు పొడవు సాగే బిడ్డ, ఈ దశకు వచ్చేసరికి ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు, రెండు మూడు కిలోల చొప్పున నింపాదిగా ఎదుగుతుంది. కౌమారంలో మళ్లీ ఒక్కసారిగా ఏపుగా పెరిగేదాకా అంతా సద్దుమణిగినట్టే కనిపిస్తుంది. ఉయ్యాలలో ఉన్నప్పుడు నెలనెలా తూకం వేయించిన తల్లులం ఈ ఏళ్లలో త్రాసు మరచిపోయి మార్కుల వైపు తిరగడానికి కారణం బహుశా ఈ నెమ్మదే.

ఆ నెమ్మది ఊరికే వచ్చింది కాదని 2014లో వెలువడిన ఒక పరిశోధన చెబుతోంది. పెద్దవాళ్లలో శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు వాడుకుంటుంది. సుమారు అయిదేళ్ల పిల్లల్లోనైతే రోజు మొత్తం మీద ఖర్చయ్యే శక్తిలో నలభై శాతానికి పైగా మెదడుకే పోతుందట. మెదడు ఖర్చు శిఖరానికి చేరే వయసూ, ఒళ్లు పెరగడం బాగా మందగించే వయసూ ఒకటే కావడం ఆ పరిశోధకులు గమనించిన విశేషం. ఇంటి ఆదాయంలో సగం ఒక్క బిడ్డ చదువుకే పోతున్నప్పుడు మిగిలిన ఖర్చులు తగ్గించుకున్నట్టు, ఒళ్లు కాస్త ఆగి మెదడుకు దారి ఇస్తుందన్నమాట. ఆరేళ్లకే పరిమాణంలో మెదడు పెద్దవాళ్ల మెదడులో తొంభై శాతం దాటేసి ఉంటుంది. ఆ తరువాత జరిగేదంతా లోపలి పని: వాడకంలో ఉన్న నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుని సంకేతాలు వేగం పుంజుకోవడం, నాడీకణాల మధ్య వాడని కలయికలు రాలిపోవడం. నుదుటి వెనకనున్న భాగానికి ఈ పని ఇరవై ఏళ్లు దాటినా పూర్తి కాదు. తొమ్మిదేళ్ల పిల్లను పట్టుకుని "నీకు బుద్ధి లేదా" అని అడిగేటప్పుడు ఈ సంగతి నాకు గుర్తుండదు.

ఈ కొలతల సందడిలో చిన్నవాడు పరుగున వచ్చి నోరు తెరిచాడు. కింది ముందు పన్ను వారం నుంచీ ఊగుతోంది, ఇప్పుడు ఒక్క పోగు మీద వేలాడుతోంది. నాలుకతో దాన్ని ముందుకీ వెనక్కీ తోస్తూ, నొప్పి కంటే ఎక్కువ గర్వంతో చూపించాడు. మధ్యాహ్నానికి అదే ఊడి వాడి అరచేతిలో పడింది. ఆ సందులో అప్పుడే తొంగిచూస్తున్న శాశ్వత దంతం అంచును దగ్గరగా చూస్తే రంపంలా మూడు చిన్న గడ్డలు కనిపించాయి. నమలగా నమలగా అవి అరిగి నున్నబడతాయి. ఈ హడావుడిలో టార్చి వేసి లోపల కూడా చూశాను కాబట్టి సరిపోయింది గానీ, పాలపళ్ల వరుస చివర కొత్తగా వచ్చిన పెద్ద దవడ పన్ను నా కంట పడేదే కాదు. ఇరవై పాలపళ్లలో దేన్నీ ఊడగొట్టకుండా, ఆరేళ్లప్పుడు చడీచప్పుడు లేకుండా వెనక నుంచి వస్తుంది కనుక, చాలామంది దాన్ని పాలపన్నే అనుకుని పుచ్చినా ఊడిపోయేదే కదా అని ఊరుకుంటారు. అది ఊడితే మరొకటి రాదు. దాని గుంటల్లో అప్పటికే పొద్దుటి తిండి ఇరుక్కుని ఉంది. వాడి చేత బ్రష్షు పట్టించి ఆ మూలకు చేరేదాకా దగ్గరుండి తోమించాను.

సాయంత్రం లోపు జరిగినవాటిలో నాకు బాగా నచ్చింది క్లే ఆట. ఒకే సైజువి రెండు ఉండలు చేసి, రెండూ సమానమేనని ఇద్దరి చేతా ఒప్పించి, ఒకదాన్ని పొడుగ్గా పాములా సాగదీశాను. దేనిలో ఎక్కువ క్లే ఉందని అడిగితే చిన్నవాడు ఆలోచించకుండా పాము అన్నాడు. పెద్దది వాడిని జాలిగా చూసి, "మళ్లీ ఉండ చేస్తే అదే అవుతుంది కదరా" అంది. ఈ తేడాను దశాబ్దాల కిందటే పట్టుకున్నవాడు స్విస్ మనస్తత్వవేత్త పియాజే. ఏడేళ్ల ప్రాంతంలో మొదలయ్యే మూర్త ప్రచాలక దశలో పిల్లలు జరిగిన మార్పును మనసులో వెనక్కి తిప్పి చూడగలుగుతారని, ఆకారం మారినా పరిమాణం మారదన్న పదిలపరచుకునే భావన అప్పుడే కుదురుతుందని ఆయన చెప్పాడు. అక్కడితో ఆపి ఉంటే పెద్దది తలెత్తుకునే వెళ్లేది. తూకం వేస్తే ఏది బరువు అన్నాను. కాస్త తటపటాయించి, సమానమే అంది. నీళ్లలో వేస్తే ఏది నీటిని ఎక్కువ పైకి లేపుతుంది అన్నాను. ఈసారి తటపటాయింపు కూడా లేదు: "పామే. పొడుగ్గా ఉంది కదా, ఎక్కువ చోటు కావాలి."

గాజు గ్లాసులో ఉండ వేసి, నీరు లేచిన చోట రబ్బరు బ్యాండు తొడిగి, ఉండ తీసి, పామును చుట్టి వేశాము. నీళ్లు సరిగ్గా రబ్బరు బ్యాండు దగ్గరే ఆగాయి. అది గ్లాసును కంటి ఎత్తుకు లేపి, నాలుగు వైపులా తిప్పి చూసి, చివరికి నా వైపు అనుమానంగా తిరిగింది. "నువ్వు ఒక ముక్క తీసేశావు కదమ్మా?" పదార్థం ఏడెనిమిదేళ్లకు, బరువు తొమ్మిది పదేళ్లకు, ఘనపరిమాణం పదకొండు పన్నెండేళ్లకు బోధపడతాయని పియాజే వేసిన లెక్క మా బల్ల మీద అచ్చుగుద్దినట్టు జరిగింది. పరిచయమున్న పదార్థాలతో, మరో రకంగా అడిగితే పిల్లలు ఇంకా ముందే జవాబు చెప్పగలరని ఆ తరువాతి పరిశోధకులు ఆ వయసుల గురించి వాదించారు గానీ, ఒకే సూత్రం ఒక చోట తెలిసి మరో చోట తెలియకపోవడం మాత్రం ఎవరి ఇంట్లోనైనా కనిపించేదే. "నిన్న వచ్చిన లెక్క ఇవాళ రాదేం" అని నేను గదమాయించేది కూడా ఇలాంటి చోటనే కావచ్చు.

ఆ గదమాయింపు ఇవాళా తప్పలేదు. మూడున్నరకు పది గుణకారాలు ఇచ్చి కూర్చోబెట్టాను. నాలుగు తప్పులు, అన్నీ పక్కకు మోయవలసిన అంకె మరచిపోవడం వల్లే. మోయవలసిన అంకెను మనసులో నిలుపుకుంటూనే మరో ఎక్కం గుర్తు చేసుకోవడం చిన్న పనేమీ కాదని నాకు తెలుసు, తెలిసీ కసిరాను. అది పెన్సిలు కింద పెట్టి, నేల చూపులు చూస్తూ, "మా క్లాసులో అందరికంటే నేనే మొద్దు" అంది. ఆ మాట నా మనసులో ఇంకా మెదులుతూనే ఉంది. అయిదేళ్లప్పుడు ఇదే పిల్ల ప్రపంచంలో అందరికంటే తానే వేగంగా పరిగెత్తుతానని చెప్పేది. తనను పక్కవాళ్లతో పోల్చుకుని కొలుచుకోవడం కూడా ఈ వయసులో వచ్చే ఆలోచనాశక్తే. మనస్తత్వవేత్త ఎరిక్‌సన్ ఈ దశను శ్రమశీలతకూ న్యూనతకూ మధ్య పెనుగులాటగా చెప్పింది ఇందుకే. ఆ కొలబద్దగా మనం వాళ్ల చేతికిస్తున్నది కార్డు ముందు పేజీ ఒక్కటే.

అంతలో నాకు ఫోను వచ్చింది. ఆ సందున పిల్లలిద్దరూ కిందికి జారుకున్నారు. మామూలుగా లెక్కలు పూర్తయ్యేదాకా ఆట లేదన్నది మా ఇంటి నియమం. ఫోను పెట్టి కిటికీలోంచి చూస్తే పెద్దది తాడాట ఆడుతోంది: రెండు కాళ్లూ ఒకేసారి లేచి, తాడు నేలను తాకిన టకటక శబ్దానికి సరిగ్గా దిగుతూ, అరవై మూడు, అరవై నాలుగు అని ఎగశ్వాసతో లెక్క పెడుతోంది. తమ్ముడు పక్కన తాడు తన తల మీదుగా తిప్పుకుని, అది వచ్చి కాళ్ల దగ్గర ఆగాక తీరిగ్గా దాటుతున్నాడు. చేయి, కాలు, చెవి ఒక తాళంలో పడడానికి వాడికి ఇంకా రెండేళ్లు పడుతుంది. పిలుద్దామనుకుని కూడా పిలవలేదు.

ముప్పావు గంట తరువాత చెమటతో, చెదిరిన జుట్టుతో వచ్చి, నీళ్లు తాగి, నేను చెప్పకుండానే పుస్తకం తీసింది. మరో పది లెక్కలు, అంతే కష్టమైనవి ఇచ్చాను. ఒక్కటే తప్పు. ఒక్క రోజు జరిగినది రుజువు కాదని నాకు తెలుసు. ఆ ముప్పావు గంటలో నా కోపం కూడా చల్లారింది, దాని ప్రభావమూ ఉండవచ్చు. అయితే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2009లో ఇరవై మంది పిల్లల మీద, తొమ్మిది పదేళ్ల వాళ్ల మీదే, జరిగిన చిన్న ప్రయోగంలో ఇరవై నిమిషాలు నడిచాక వాళ్లు పరధ్యానం పెట్టే గుర్తులను పక్కకు నెట్టి అడిగినదానికి జవాబివ్వడంలోనూ, చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ మెరుగ్గా చేశారు. అదే విశ్వవిద్యాలయం వారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 221 మందితో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, బడి అయ్యాక తొమ్మిది నెలల పాటు ఆటలాడించిన పిల్లలు ఆడని వాళ్లకంటే మనసును అదుపులో పెట్టుకోవడంలో, ఒక పని నుంచి మరో పనికి మళ్లడంలో ముందున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు సగటున అరవై నిమిషాలు ఒళ్లు వంచే ఆట ఉండాలంటుంది. మా పిల్లల బడిలో ఆటల పీరియడ్ రెండు నెలలుగా లెక్కలకు పోయింది. లెక్కలు రావడం లేదని ఆటలు తీసేసి మరిన్ని లెక్కలు చేయిస్తున్నారు. ఇంట్లో నేను చేస్తున్నదీ అదే.

ఆరుబయట వెలుతురుకు మరో లాభం ఉంది, అది కంటికి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలోనే రోజుకు మరో నలభై నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు గమనిస్తే, కొత్తగా హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే లోపం, వచ్చినవాళ్లు 30.4 శాతం, ఆ ఏర్పాటు లేని బడుల్లో 39.5 శాతం. ఇది 2015లో వెలువడింది. హ్రస్వదృష్టి మొదలయ్యేది ఎక్కువగా ఈ వయసులోనే, పైగా చూపు మసకబారిందని పిల్లలు తమంతట తాము చెప్పరు, అందరికీ బోర్డు అలాగే కనిపిస్తుందనుకుంటారు.

నిద్ర సంగతి రాయకుండా దాటేద్దామనుకున్నాను, ఎందుకంటే అందులో తప్పంతా నాదే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. పెద్దది పదిన్నరకు పడుకుని ఆరింటికి లేస్తోంది, అంటే ఏడున్నర గంటలు. హోంవర్కు అని, నా పని అని, దీపం ఆర్పడం రోజూ వెనక్కి జరుగుతోంది. ఇవాళ తొమ్మిదికే ఆర్పాను. తొమ్మిదీ పదికి గదిలోకి చూస్తే ఇద్దరూ ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారు.

తరువాత పెన్సిలుతో వెనక పేజీలు నింపాను. ఎత్తు, బరువు రాశాను. దంతాల దగ్గర చిన్నవాడికి 'ఒకటి ఊడింది, వెనక ఒకటి కొత్తది' అని రాశాను. కంటి చూపు గడి మాత్రం ఖాళీగా వదిలాను. అది డాక్టరు చూసి చెప్పాలి, శనివారం తీసుకెళ్తాను. ఆటల పీరియడ్ గురించి మర్యాదగా నాలుగు వాక్యాలు విడిగా కాగితం మీద రాసి కార్డులో పెట్టి, అప్పుడు సంతకం చేశాను.

గ్లాసు ఇంకా కిటికీ గట్టు మీద రబ్బరు బ్యాండుతో అలాగే ఉంది. ఉండనూ పామునూ మాత్రం పెద్దది తన సొరుగులో పెట్టి తాళం వేసుకుని పడుకుంది, రాత్రి నేను మళ్లీ ముక్క తీయకుండా.