ఉప్పుటేరు నత్తలకు పేరు పెట్టడం: నా అనుభవం

కృష్ణపట్నం వైపు ఉప్పుటేళ్లలో పాటు మీద నీళ్లు తీసేస్తే బురద నిండా మొనదేలిన పొడవాటి గుల్లల నత్తలే. పాత జాబితాల్లో వీటిలో చాలావాటికి సెరిథిడియా సింగులేటా అనే పేరే ఉంటుంది. 1791లో గ్మెలిన్ అనే శాస్త్రవేత్త మ్యూరెక్స్ ప్రజాతి కింద పెట్టిన ఈ జాతి ఇప్పుడు పైరెనెల్లా ప్రజాతిలో ఉంది. ఆ ప్రజాతిలోని జాతుల వర్గీకరణను రీడ్, ఒజావా అనే శాస్త్రవేత్తలు 2016లో సవరించాక, గుల్ల ఒక్కటే చూసి పేరు రాయడం నాకు సమ్మతం కాదు. ఒక నత్త గుల్ల, గుల్ల నోటికి ఉండే మూత, రాడ్యులా (నోట్లోని పళ్ల పట్టీ), పాదం ముక్క ఒకే నంబరు కింద ఉండాల్సిందే.

ఎక్కువ నమూనాలు చెడేది ఆల్కహాల్ దగ్గరే. బతికున్న నత్తను అందులో వేస్తే మూత బిగించుకుంటుంది, లోపలికి ఆల్కహాల్ దిగదు, మాంసం కుళ్లి డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. నేను మరిగించి దించిన నీళ్లలో అర నిమిషం ముంచి, వంచిన సూదితో గుల్ల మెలిక వెంట తిప్పుతూ లాగుతాను. ఒక్క గుంజు గుంజితే కొసన ఉన్న కాలేయం లోపలే తెగిపోతుంది. టెలిస్కోపియం లాంటి పెద్దవాటికి వైస్‌లో గుల్ల పగలగొట్టడమే మార్గం, ఫొటో ముందే తీయాలి. పాదం నుంచి బియ్యపుగింజంత ముక్క 95 శాతం ఇథనాల్‌లోకి వెళ్తుంది. మాంసంలోని నీటికి అది పలచబడుతుంది కాబట్టి మర్నాడు మార్చాలి. ఫార్మలిన్ ఈ ముక్క దరిదాపులకు రాకూడదు.

నత్త ఏ కుటుంబానిదో తేల్చేది ఒంటిని కోసి చూడటమే. జననవాహిక కుడివైపు ఉంటుంది, అందుకని మాంటిల్‌ను (ఒంటిని కప్పే పొరను) ఎడమ పక్కన కోస్తాను. పైరెనెల్లా, టెలిస్కోపియం ఉండే పొటామిడిడే కుటుంబంలో మగవాటికి శిశ్నం ఉండదు, జననవాహిక పొడవునా తెరిచిన గాడిలా కనిపిస్తుంది. లిట్టోరినిడే, అసిమినీడే కుటుంబాల మగవాటికి తల దగ్గర శిశ్నం ఉంటుంది. ఎల్లోబిడే నత్తల్లో మొప్ప బదులు ఊపిరితిత్తి, పెద్దవాటికి మూతే ఉండదు. జననగ్రంథి ఉండాల్సిన చోట కదిలే లార్వాలు కనిపిస్తే అవి ట్రెమటోడ్ అనే పరాన్నజీవి పురుగులవి. గ్రంథిని అవే తినేస్తాయి, ఇక ఆడా మగా తేలదు. డీఎన్‌ఏకు కొస భాగం వద్దనేది కూడా ఇందుకే, పురుగు డీఎన్‌ఏ కలిసిపోతుంది.

రాడ్యులా కోసం నోటి కండను 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచి కడుగుతాను. పొటామిడిడేలో వరుసకు ఏడు పళ్లు: 2-1-1-1-2. ముందు వరుసలు అరిగిపోయి ఉంటాయి, కాబట్టి పళ్ల మొనలను మధ్య వరుసల్లోనే లెక్కపెట్టాలి.

నత్త జిగురు పీసీఆర్‌ను (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతిని) ఆపేస్తుంది, అందుకే డీఎన్‌ఏ తీసేటప్పుడు జిగురును వేరుచేసే సీటాబ్ అనే రసాయనం వాడతాను. అయినా జెల్ మీద డీఎన్‌ఏ గీత (బ్యాండ్) రాకపోతే డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి మళ్లీ పెడతాను. జాతులను గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువుకు ఎల్‌సీఓ1490, హెచ్‌సీఓ2198 ప్రైమర్లు (నకలు మొదలయ్యే చోటును పట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 658 బేసుల ముక్క ఇస్తాయి, అవి పట్టకపోతే 16ఎస్ అనే మరో జన్యువు. ఆ డీఎన్‌ఏ వరుసతో డేటాబేస్‌లో వెతికితే పైన వచ్చిన పేరు యథాతథంగా రాసుకోకండి, పాత పేర్లు అక్కడ ఇంకా ఉన్నాయి. బటిల్లారిడే కుటుంబాన్ని పోల్చడానికి బయటి గుంపుగా పెట్టి వంశవృక్షం కట్టి చూడాలి. వాటి గుల్లలు పొటామిడిడేను పోలి ఉన్నా కుటుంబం వేరు. వృక్షం, కోత రెండూ ఒకే మాట చెప్పనప్పుడు నేను లేబుల్ మీద పైరెనెల్లా అని ప్రజాతి వరకే రాసి వదిలేస్తాను.