నలుగురం పట్టని నాలుగు సీట్ల విమానం

"మీ బరువెంత మామయ్య గారూ?" అని అల్లుడు అడిగినప్పుడు నేను ఉప్మా తింటున్నాను. డెబ్బై కిలోలు ఉంటానేమో అన్నాను. "ఏమో అంటే కుదరదండీ" అని లోపల్నుంచి బరువు చూసే మిషను తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. బూట్లు, సెల్‌ఫోను, జేబులో కళ్ళజోడు పెట్టెతో సహా ఎక్కమన్నాడు. 158 పౌండ్లు. అది కాగితం మీద రాసుకుని, వంటింటి వైపు తిరిగి, గొంతు కాస్త తగ్గించి "అత్తయ్య గారూ, మీరు కూడా ఒకసారి..." అన్నాడు.

మా ఆవిడ స్టవ్ కట్టేసింది. "నేను రావడం లేదు బాబూ, మీరు వెళ్ళి రండి" అంది. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆవిడ బరువెంతో నాకే తెలియదు. అల్లుడికి చెబుతుందా?

కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో మా అమ్మాయి వాళ్ళుంటారు. ఏప్రిల్లో వెళ్ళాం. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనాదివారాలు విమానం నేర్చుకుంటున్నాడనీ, లైసెన్సు వచ్చిందనీ అమ్మాయి ఫోన్లో చెబుతూ ఉండేది కానీ నేను పెద్దగా పట్టించుకోలేదు. ప్రైవేటు విమానం అంటే మన దగ్గర పెద్ద పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళకు వేసుకొచ్చే జెట్లే కదా నాకు తెలిసింది. మనలాంటి వాళ్ళు గంటల లెక్కన అద్దెకు తీసుకుని, భోజనానికి పక్క ఊరికి వెళ్ళొచ్చే విమానాలు ఉంటాయని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

లివర్మోర్ విమానాశ్రయం వాళ్ళింటికి కారులో పావుగంట. సెక్యూరిటీ లైను లేదు, బోర్డింగు పాసు లేదు. ఇనప కంచె గేటుకు అల్లుడు ఏదో నంబరు నొక్కాడు, తెరుచుకుంది. లోపల వరసగా చిన్న చిన్న విమానాలు, సంతలో కట్టేసిన ఎద్దుల్లా రెక్కలకీ తోకకీ తాళ్ళు కట్టి ఉన్నాయి. మాది సెస్నా 172. ఈ రకం మొదటిసారి ఎగిరింది 1955లో. ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయట, ప్రపంచంలో ఇంకే విమానమూ అన్ని తయారవలేదు. అంటే విమానాల్లో అంబాసిడర్ కారు అన్నమాట. తలుపు వేస్తే అంబాసిడర్ లాగే డబ్బా చప్పుడు కూడా వస్తుంది.

నేను చీరాల డిపో గ్యారేజీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషిని. అందుకని అసలు ఎగరడం కంటే ముందు జరిగిన అరగంట గురించే ఎక్కువ రాస్తున్నాను, విసుగనిపిస్తే ఈ రెండు పేరాలు దాటేయండి.

అల్లుడు ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసు తీసుకుని రెక్క కిందకి వంగాడు. అక్కడున్న చిన్న వాల్వును గ్లాసుతో పైకి నొక్కి కాస్త పెట్రోలు పట్టాడు. లేత నీలం రంగు. వెలుతురుకు ఎత్తి చూశాడు. నీళ్ళు కలిస్తే అడుగున బుడగలా నిలబడతాయి, పైన పెట్రోలు తేలుతుంది. అలా ఒక్కో రెక్క కింద ఐదు చోట్ల, ఇంజను కింద మూడు చోట్ల, మొత్తం పదమూడు చోట్ల పట్టి చూశాడు. మా బస్సుల్లో డీజిల్ ఫిల్టరు అడుగు బోల్టు తిప్పి నీళ్ళు వదిలే పని గుర్తొచ్చింది. అది పొద్దున్నే చేయమని కొత్త కుర్రాళ్ళకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని చేస్తున్నాడు. నేను ఏమీ అనలేదు కానీ, పెళ్ళిచూపుల నాడు కూడా అతన్ని అంత శ్రద్ధగా చూసి ఉండను.

ఇంజను మూత తీసి ఆయిల్ పుల్ల చూపించాడు. లైకమింగ్ ఇంజను, నాలుగు సిలిండర్లు, గాలితోనే చల్లబడుతుంది, రేడియేటర్ గోల లేదు. సిలిండర్ల కెపాసిటీ ఆరు లీటర్లకు కాస్త తక్కువ. మా లేలాండ్ హినో ఇంజన్లదీ ఇంచుమించు అంతే, కాకపోతే ఆరు సిలిండర్లు. ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండు. బ్యాటరీ చచ్చిపోయినా, బజాజ్ స్కూటరు నడిచినట్టు ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఎగిరే ముందు రన్‌వే పక్కన ఆగి, ఇంజను 1,800 తిప్పులకు పెంచి, ఒక మాగ్నెటో ఆపి, మళ్ళీ రెండోది ఆపి, తిప్పుల వేగమెంత తగ్గుతుందో చూస్తారు. తగ్గింది, అయినా నడిచింది. అప్పటిదాకా నాలో ఉన్న టెన్షన్ ఆ చప్పుడు విన్నాక పోయింది. దేవుడి మీద నమ్మకం వేరు, రెండు మాగ్నెటోల మీద నమ్మకం వేరు.

ఇంజను స్టార్ట్ చేసేముందు కిటికీ తెరిచి "క్లియర్ ప్రాప్!" అని గట్టిగా అరిచాడు, పంకా దగ్గర ఎవరైనా ఉంటే తప్పుకోమని. మా కండక్టర్ల "రైట్ రైట్" లాంటిదే.

55 నాట్ల దగ్గర ముక్కు లేచింది. అంటే గంటకు 100 కిలోమీటర్లు. హైవే మీద కారు వేగమే! పెద్ద విమానంలో వీపు సీటుకు నొక్కుకుపోతుంది. ఇందులో అదేమీ లేదు, ఉయ్యాల బల్ల మీంచి ఎవరో మెల్లిగా పైకెత్తినట్టు లేచాం. గోల్ఫ్ ఆట మైదానం, ఇళ్ళ కప్పులు, నీలం ఈతకొలనులు కిందకి జారాయి. వెనక సీట్లో కూర్చున్న అమ్మాయి నా భుజం తట్టి, వాళ్ళ ఇల్లు చూపించింది. పెరట్లో బట్టలారేసుకునే తీగ కనిపించలేదు కానీ, కరివేపాకు కుండీ ఉండాల్సిన మూల కనిపించింది.

మూడున్నర వేల అడుగుల్లో పశ్చిమానికి తిరిగాం. నాకు ఇందులో నచ్చిందేమిటంటే, ఆ ఎత్తులో నేల ఇంకా నేలలాగే ఉంటుంది. పెద్ద విమానం కిటికీలోంచి కనిపించేది మ్యాపు. ఇక్కడ స్కూలు బస్సులు పసుపుగా కనిపిస్తాయి, ఆవులు లెక్కపెట్టొచ్చు. సునోల్ కొండలు దాటగానే శాన్ ఫ్రాన్సిస్కో బే, అంటే అక్కడి అఖాతం, వచ్చింది, దాని అంచున ఎర్రటి, గులాబీ, ఆకుపచ్చ మడులు. చూడగానే "ఉప్పు మళ్ళు!" అన్నాను. అల్లుడు ఆశ్చర్యంగా చూశాడు. ఆశ్చర్యమేముంది, చినగంజాం దగ్గర రైలు పట్టాల పక్కన చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే. కాకపోతే ఎన్నడూ పైనుంచి చూడలేదు. నీరు ఆవిరవుతూ ఉప్పదనం పెరిగేకొద్దీ అందులో బతికే సూక్ష్మజీవులు మారతాయట, వాటితోపాటే మడి రంగూ మారుతుంది. 2003లో ప్రభుత్వం ఇక్కడ 15 వేల ఎకరాల పైన మళ్ళను కొని, తిరిగి పక్షుల కోసం చిత్తడి నేలలుగా మార్చడం మొదలుపెట్టిందని అల్లుడు చెప్పాడు. మన వాళ్ళయితే ప్లాట్లు వేసేవాళ్ళు.

ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళ యాక్సిలరేటరు, అంటే అణువుల్లోని కణాల్ని పరిగెత్తించే యంత్రం, స్కేలు పెట్టి గీసినట్టు 2 మైళ్ళ పొడవున ఒకే కట్టడం, హైవే కిందనుంచి దూరి అవతల తేలింది. కొండలు దాటితే పసిఫిక్. దిగాల్సింది హాఫ్ మూన్ బే అనే ఊళ్ళో. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే, 5 వేల అడుగులు. కంట్రోల్ టవరు లేదు! వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ రేడియోలో "నేను ఫలానా చోట ఉన్నాను, ఇటు తిరుగుతున్నాను" అని ఒకరికొకరు చెప్పుకుంటూ దిగుతారు. సింగిల్ రోడ్డు వంతెన మీద హారన్ కొట్టుకుంటూ వెళ్ళే పద్ధతి. నాకు ఆశ్చర్యం వేసింది ఆ పద్ధతి చూసి కాదు, అందరూ దాన్ని పాటించడం చూసి.

నేల తాకబోయే క్షణంలో రెక్కలోంచి తిరణాల బూర ఊదినట్టు సన్నటి కూత వచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. వేగం బాగా తగ్గి, ఇక రెక్క గాల్లో నిలబెట్టలేని స్థితికి వస్తుంటే మోగేదట అది. కరెంటుతో పనిలేదు. రెక్క అంచున ఉన్న చిన్న చిల్లు లోంచి లోపలి గాలిని బయటికి పీల్చేస్తుంటే పీక మోగుతుంది, అంతే. పైన గాల్లో మోగితే ప్రమాదం, నేలకు జానెడు ఎత్తులో మోగితే మంచి ల్యాండింగ్.

రన్‌వే నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే చేపల రేవు. పడవల మీదే చేపలు అమ్ముతున్నారు. మా ఓడరేవు గుర్తొచ్చి, ఒక పెద్ద చేప బేరం చేయబోయాను, సాయంత్రం పులుసుకని. అల్లుడి ముఖం పాలిపోయింది. "అద్దె విమానం మామయ్య గారూ, వాసన వస్తే మళ్ళీ ఇవ్వరు" అన్నాడు. అక్కడే వేయించిన చేప తిని వచ్చేశాం. ఉప్పూ కారం తక్కువ, చేప మాత్రం తాజా. కారులో గంటకు పైగా పట్టే దారి, గాల్లో అరగంట లోపే.

లివర్మోర్‌లో దిగాక డబ్బుల దగ్గర చిన్న గొడవ. అద్దెకు మీటరు ఉంటుంది, ఆటో మీటరు లాగే, పెట్రోలుతో కలిపి గంటకింత. మొత్తం నేనిస్తానన్నాను. అల్లుడి చేత ఖర్చు పెట్టించి తిరగడమేమిటి, ఊళ్ళో ఎవరికైనా తెలిస్తే? "రూలు ఒప్పుకోదండీ" అన్నాడు. మొహమాటానికి అంటున్నాడనుకున్నాను. నిజంగానే అమెరికాలో ఆ రూలు ఉంది. ప్రైవేటు పైలట్ డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించకూడదు. ఖర్చు పంచుకోవచ్చు, కానీ అతని వాటా కంటే ఒక్క డాలరు కూడా అతను తక్కువ పెట్టుకోకూడదు. ముగ్గురం ఎక్కితే మూడో వంతు అతను కట్టి తీరాలి. కట్నాల రోజుల్లో ఇలాంటి చట్టమేదైనా మనకు ఉండి ఉంటే బాగుండేది.

రెండోసారి, జూన్లో, గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తానన్నాడు. ఆ వంతెన గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఎందుకంటే మేము చూడలేదు. కొండలు దాటేసరికి సముద్రం వైపు అంతా తెల్లగా దూది పరుపు పరిచినట్టు పొగమంచు. దాని మీద ఎండ పడి కళ్ళు చెదిరాయి. మధ్యలో వంతెన స్తంభాల కొసలు రెండు ఎర్రగా, వెన్నలో గుచ్చిన అగ్గిపుల్లల్లా, దూరంగా కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. "ఇంకొంచెం ముందుకు పోతే కనబడుతుందేమో" అన్నాను. అల్లుడు సమాధానం చెప్పలేదు, అప్పటికే వెనక్కి తిప్పుతున్నాడు. మబ్బులో నడపడానికి వేరే శిక్షణ, వేరే అనుమతి కావాలట, అది తనకు ఇంకా లేదట. నన్ను మెప్పించాలని ఉన్న కుర్రాడు, పక్కన మామగారు పోనీమంటుంటే, ఒక్క మాట మాట్లాడకుండా బండి తిప్పేశాడు. ఘాట్ రోడ్డులో మంచు పడితే బండి పక్కకు తీసి ఆపేసే డ్రైవర్లు మా డిపోలో ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ కథలు అతనికి చెప్పాను.

అవి వింటూ మా ఆవిడ పెరుగు వడ్డించింది. మర్నాడు పొద్దున్నే, నేను పళ్ళు తోముకుంటుంటే, హాల్లో ఆ బరువు మిషను చప్పుడు వినిపించింది.

అల్లుడికి ఒక అంకె చెప్పింది. అతను తల ఊపి రాసుకున్నాడు. తర్వాత నాతో రహస్యంగా అన్నాడు, ఎవరు ఏం చెప్పినా పది పౌండ్లు కలుపుకుని లెక్క వేస్తాడట. ఈ విమానం మొత్తం బరువు 2,550 పౌండ్లు దాటకూడదు. సీట్లు నాలుగున్నాయి కానీ, రెండు ట్యాంకులూ నింపితే మాలాంటి నలుగురికి లెక్క సరిపోదు. అందుకని ఆ రోజు అమ్మాయి ఇంట్లో ఆగింది.

సాయంత్రం, ఎండ వాలాక బయల్దేరాం. మా ఆవిడ వెనక కూర్చుంది. హెడ్‌ఫోన్లో మైకు ఉందని, మాట్లాడితే అందరికీ వినిపిస్తుందని ఆవిడకు చెప్పడం మరిచిపోయాం. రన్‌వే మీద పరుగు మొదలవగానే మా చెవుల్లో గోవింద నామాలు మొదలయ్యాయి. టవరు వాళ్ళు ఏం చెబుతున్నారో వినిపించాలి కనుక, అల్లుడు పాపం ఏదో మీట తిప్పి తన చెవుల వరకు మా ఇద్దర్నీ ఆపుకున్నాడు. మిగిలిన నామాలన్నీ నేనొక్కణ్ణే విన్నాను. వెయ్యి అడుగుల దగ్గర గోవిందుడు ఆగి, "అబ్బ, ఎండిపోయిన గడ్డి కూడా ఎంత బాగుందండీ" అని వినిపించింది.

నిజమే. జూన్ కల్లా అక్కడి కొండలన్నీ ఎండి బంగారు రంగు తిరుగుతాయి. ద్రాక్ష తోటలు దువ్విన జుట్టులా వరసలుగా, డెల్ వాయె చెరువు వంకరగా, తూర్పున ఆల్టమాంట్ కనుమ నిండా గాలిమరలు. ఉత్తరాన డయాబ్లో కొండ నీడ పక్క ఊరిదాకా పొడుగ్గా పడుకుంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు తూర్పు నుంచి దిగాలి. ఎండ కళ్ళల్లో కొడుతోంది. రన్‌వేకు మూడు మైళ్ళ దూరంలో ఇళ్ళ మధ్య తెల్లగా గోపురాలు కనిపించాయి, లివర్మోర్ శివ విష్ణు ఆలయం. అప్పటికి నాలుగైదు సార్లు వెళ్ళాం కారులో, పార్కింగు దొరక్క రెండు చుట్లు తిరిగి మరీ. నేను చూపించేలోపే ఆవిడే చూసింది.

"అయ్యో, గుడి మీదుగా వెళ్తున్నామా? బాబుతో చెప్పండి, గోపురం మీంచి పోకూడదు!"

అల్లుడికి చెయ్యి ఊపి సైగ చేశాను. మీట తిప్పి విన్నాడు. "పక్కనుంచే వెళ్తున్నాం అత్తయ్య గారూ, సరిగ్గా పైన కాదు" అన్నాడు. తర్వాత వెనక నుంచి చప్పుడు లేదు. తిరిగి చూస్తే, ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టి, సీటు బెల్టు కింద చేతులు ఇరికినా సరే రెండూ జోడించి, కళ్ళు మూసుకుని ఉంది. రెక్కలో బూర మోగేదాకా తెరవలేదు.

ఆ బూర విని, "అదేమిటి, టైరులో గాలి పోయిందా?" అంది. గ్యారేజీ మనిషి పెళ్ళాం కదా.

విమానాన్ని దాని చోట్లోకి చేత్తోనే వెనక్కి తోయాలి. ముక్కు చక్రానికి ఇనప కమ్మి తగిలించి అల్లుడు తిప్పుతుంటే, నేను రెక్క కింద కొయ్యలాంటి బద్దను పట్టుకుని తోశాను. స్టార్టింగ్ ట్రబుల్ బండిని తోసిన చేతులే. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పక్కనే నడిచి వస్తోంది. తాళ్ళు కడుతుంటే అల్లుణ్ణి అడిగింది: "పెట్రోలు కొంచెం తక్కువ పోయించుకుంటే నలుగురం పడతామా బాబూ? అమ్మాయి ఒక్కతీ ఇంట్లో ఉండిపోయింది."

"పడతామేమో అత్తయ్య గారూ, లెక్క వేయాలి" అని అతను ఫోను తీశాడు.

ఈసారి సరైన అంకె చెప్పింది.