ఆహారం: సాధారణం

నేను తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. పొద్దస్తమానం ఫైళ్లు తిప్పే ఉద్యోగం కనుక, దత్తత అనేసరికి నా భయమంతా కాగితాల మీదే ఉండింది. తీరా చూస్తే కాగితాలు వాటి దారిన అవి నడిచిపోయాయి. మమ్మల్ని నెలల తరబడి నిలబెట్టేసింది మాత్రం అన్నం ముద్ద.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డనే తెచ్చుకోవాలని మేము మొదట అనుకోలేదు. ఇది దాచుకోదలచలేదు. మాకు అప్పటికే ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఇంకొక ఆడబిడ్డను పెంచుకోవాలన్నది నా భార్యకు చాలా ఏళ్లుగా ఉన్న కోరిక. 2022 దత్తత నిబంధనలు చదివితే, ఇద్దరు లేక అంతకు మించి పిల్లలున్న దంపతులకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను గానీ, ఎవరూ ముందుకు రాక మిగిలిపోయిన పిల్లలను గానీ మాత్రమే ఇస్తారని తెలిసింది. ఆ తర్వాత మూడు నెలల పాటు ఇంట్లో ఆ ఊసే రాలేదు. ఒక సాయంత్రం ఆమె నా పాన్ కార్డు అడిగింది. దేనికని నేను అడగలేదు.

దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వారి కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు, పెళ్లి, ఆదాయ, ఆరోగ్య ధ్రువపత్రాలు, సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి రాసుకునే నివేదిక, ఇవన్నీ వరుసగా జరిగాయి. ఇంట్లో ఐదేళ్లు దాటిన పిల్లలుంటే వాళ్ల సమ్మతి కూడా తీసుకుంటారు. మా పెద్దవాడు సంతకం పెట్టే ముందు "నా గదిలో పడుకుంటుందా?" అని ఒక్కటే అడిగాడు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నందువల్ల మాకు వాయిదాల చుట్టూ తిరిగే పని తప్పింది. 2023 వేసవిలో రెండేళ్లు దాటిన పాప మా ఇంటికి వచ్చింది. చూడవచ్చిన మా పెద్దమ్మ "తెచ్చుకునేదేదో మంచి బిడ్డను తెచ్చుకోకూడదా నాయనా" అని గడపలోనే అనేసి, పాప చేతిలో వంద రూపాయలు పెట్టి వెళ్లింది.

అందరిలోనూ జతగా ఉండే 21వ క్రోమోజోము డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మూడు ఉంటుంది. మొత్తం 46కు బదులు 47. వీరిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. మా పాపకు ఉన్నది చిన్న రంధ్రమే. 2021లో దేవస్థానం వారు తెరిచిన శ్రీ పద్మావతి హృదయాలయంలో పరీక్ష చేసి, ఆపరేషన్ అవసరం లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలునన్నారు. థైరాయిడ్‌కు పరగడుపున ఒక మాత్ర. మెడలో మొదటి రెండు పూసల మధ్య పట్టు సడలి ఉండే అవకాశం ఉన్నందువల్ల తలను బలంగా వంచకూడదని హెచ్చరించారు. కొండ మీద కల్యాణకట్టలో ఈ మాట చెబితే, అక్కడి క్షురకుడు పాపను నా ఒడిలోనే కూర్చోబెట్టించి, తలను కదపకుండా తానే చుట్టూ తిరుగుతూ గుండు గీశాడు.

ఇక తిండి. వచ్చిన కొత్తలో పాప జావ తప్ప ఏదీ మింగేది కాదు. మెతుకు తగిలితే నాలుకతో బయటికి నెట్టేసేది. మా అమ్మ రాగిసంగటి మొదలుపెట్టింది. చిన్న ఉండ చేసి, ఊరిబిండి పచ్చడి నీళ్లలో ముంచి నాలుక మీద పెడితే గుటుక్కున మింగేది. "బిడ్డ సంగటి బాగా తింటాది" అని అమ్మ వీధంతా చెప్పుకుంది, మేమూ మురిసిపోయాము. స్పీచ్ థెరపిస్టు ఆ మురిపెం మీద నీళ్లు చల్లారు. సంగటిని మన జిల్లాలో ఎవరూ నమలరు, మింగుతారు; మూతి కండరాలు మెత్తగా ఉన్న బిడ్డకు మీరు నమలనక్కరలేని తిండే వెతికి పెడుతున్నారు, ఇక మాట ఎట్లా వస్తుంది అన్నారు. పుట్టి పెరిగిన తిండిని అట్లా తప్పుపడితే అమ్మకు కోపం వచ్చి రెండు రోజులు సంగటే కెలకలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇదే పని. దోసె అంచును వేలంత పొడుగున చీల్చి, నడిమధ్యన కాకుండా పక్క దంతాల మీద ఉంచి, పెదవులు తమంతట తాము మూసుకునేదాకా ఆగాలి. చెంచా పెడితే దానితో నాలుకను కొద్దిగా అదిమి నేరుగా వెనక్కి తీయాలి. పై పెదవికి రాసి తీస్తే పెదవికి పనే ఉండదు. నేను తొందరమనిషిని. పది నిమిషాల పనికి నలభై నిమిషాలు పట్టేది, ఒక్కొక్క రోజు దోసె మొత్తం నా చొక్కా మీదే ఉండేది. ఆఫీసులో ఇన్నేళ్లుగా జనాన్ని కాచుకోబెట్టిన నాకు, నేనే కాచుకుని కూర్చోవడం అప్పుడు తెలిసింది. ఎనిమిది నెలలు గడిచాక ఒక రోజు నమలడానికి పాప దవడ పక్కకు తిరిగింది. నా కూతురే ముందు చూసి కేక వేసింది.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు, వైద్యానికి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇచ్చే నిరామయ బీమా చేయించాము. ఒక ప్రైవేటు బడి వారు మర్యాదగా కాఫీ ఇచ్చి మరీ చేర్చుకోలేమన్నారు. పాప ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతోంది. పది, పన్నెండు మాటలు పలుకుతుంది. మగవాళ్లందరినీ, నాతో సహా, తాతా అంటుంది.

బిడ్డ ఇంటికి వచ్చాక రెండేళ్ల పాటు దత్తత సంస్థ వారు ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూసి నివేదిక రాస్తారు. చివరిసారి వచ్చినాయన ముందు అమ్మ మురుకుల పళ్లెం పెట్టింది. ఆయన రాసుకుంటూ ఉండగా పాప దగ్గరికి పోయి, ఒక మురుకు తీసుకుని, పక్క పళ్ల మధ్య పెట్టుకుని కరకరమని కొరికింది. ఆయన తల ఎత్తలేదు. ఆహారం అన్న చోట "సాధారణం" అని రాసి తర్వాతి గడిలోకి వెళ్లారు.