ఆ వరసలో ఎవరు లేరో చూడండి

సీఈఓ జీతం మామూలు ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లు? అమెరికాలో 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం పుణ్యమా అని 2018 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు ఈ అంకె బయటపెడుతున్నాయి. పోల్చేది సగటు జీతంతో కాదు. జీతాలన్నీ వరసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచే మనిషి జీతంతో.

తిరకాసంతా ఆ వరసలోనే ఉంది. ఫ్లోర్ తుడిచేవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేవాళ్లు బయటి కాంట్రాక్టర్ మనుషులైతే లెక్కలోకే రారు. వెయ్యి మందిలో అట్టడుగు 300 మందిని కాంట్రాక్టుకి నెట్టేశారనుకోండి. నడుమ స్థానం 500 దగ్గర నుంచి 650కి జరుగుతుంది. ఎవరికీ పైసా పెరగదు, నిష్పత్తి మాత్రం తగ్గిపోతుంది! నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

పై అంకెనీ, అంటే సీఈఓ జీతాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. జీతంలో భాగంగా ఆయనకిచ్చే షేర్లకి, ఇచ్చిన రోజు విలువే కడతారు. తర్వాత అవి మూడింతలైనా ఆ లాభం అందులో కనిపించదు. కనీసం మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి.

బ్రిటన్ పద్ధతి నయం. నడుమ మనిషితో పాటు కింది నుంచి 25 శాతం, 75 శాతం దగ్గరున్నవాళ్ల జీతాలతోనూ పోల్చి చూపాలి. నేనైతే ముందు ఆ 25 దగ్గరి అంకే చదువుతాను.